స్వామివారి ముందు సొంత మాటలు

గుమ్మడికొండ దేవస్థానంలో స్వామివారు తప్ప తక్కిన అందరూ మతశాస్త్రంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకోవాలని సర్క్యులర్ వచ్చింది. స్వామివారికి మినహాయింపు ఎందుకిచ్చారో అందులో రాయలేదు. బహుశా ఆయన సర్వీసు రిజిస్టరు దొరికి ఉండదు.

నేను అప్పటికి మూడేళ్లుగా ఆ కొండమీద అర్చన టికెట్ల కౌంటర్లో కాంట్రాక్టు ఉద్యోగం చేస్తున్నాను. మా ఊరి బడిలో మేస్టారు ఒక అలవాటు చేశారు. చేతికి ఏ కాగితం వచ్చినా అడుగున ప్రెస్సు పేరుతో సహా చదవాలి. అందుకని సర్క్యులర్ మొత్తం చదివాను. "ఇందుమూలముగా యావన్మంది ఉద్యోగులకు తెలియజేయడమేమనగా, భక్తులతో వ్యవహరించు సిబ్బందికి భక్తియందు స్నాతకోత్తర అర్హత లేకపోవుట విచారకరము" అని మొదలయింది. మూడో పేరాలో గుమ్మడికొండ అని ఉండవలసిన చోట వేరే కొండ పేరు ఉంది. అది ఎవరికీ కనబడలేదు. నన్ను ఎవరూ అడగలేదు కనక నేను చెప్పలేదు.

చదువు అంతా ఆన్‌లైన్లో. అఖిలధర్మ విద్యాపీఠం అనే సంస్థ ఉద్యోగస్తుల సౌకర్యం కోసం రెండేళ్ల కోర్సును ఎనిమిది నెలలకు కుదించింది. ఉద్యోగస్తుల సౌకర్యం కోసమే తరగతులను పని రోజుల్లో, ఉదయం పది నుంచి ఒంటి గంట దాకా పెట్టింది. సెలవు ఇవ్వరు. ఫాల్గుణ పౌర్ణమినాడు జరిగే స్వామివారి కల్యాణం నాటికి పట్టా చూపించలేని వాళ్లను 'దైవేతర విధులకు' బదిలీ చేస్తారు. ఎవరెవరు ఎక్కడికో జాబితా కూడా జతపరిచారు. నాకు పార్కింగు. ప్రధానార్చకులు వరదాచార్యులు గారికి జనరేటర్ గది.

వరదాచార్యులు గారు తొమ్మిదో ఏట తండ్రి వెనక గర్భగుడి గడప దాటారు. ఇప్పుడు యాభై ఎనిమిది. స్వామివారి ముఖం చూడకుండా ఆయనకు ఒక్క రోజు కూడా గడిచినట్టు కొండమీద ఎవరికీ గుర్తు లేదు. జాబితా చూసుకుని ఆయన నా కౌంటర్ దగ్గరికి వచ్చారు.

"జనరేటరంటే నాకేం భయం లేదమ్మాయ్. అక్కణ్ణుంచి స్వామి కనపడడు. అదీ" అన్నారు. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, ఇందులో బడి ఎక్కడుందో చూపించమన్నారు.

అలా నేను ఆయనకు టైపిస్టునూ, సహాధ్యాయినీ అయ్యాను.

మొదటి నెల తరగతులతో గడిచింది. విద్యార్థి నిజంగా వింటున్నాడో లేదో తెలియడానికి పది నిమిషాలకోసారి కెమెరాలో ముఖం చూపించాలి. సరిగ్గా అదే వేళకు గర్భగుడిలో అర్చనలు. ఆచార్యులు గారు ఫోనును అంతరాలయంలో స్తంభానికి ఆనించి, పది నిమిషాలకోసారి హారతి పళ్లెంతో బయటికి వచ్చి దాని ఎదట నిలబడి లోపలికి వెళ్లేవారు. ఇది కొత్త సేవ అనుకున్నారు భక్తులు. ఫోనుకు కూడా దండం పెట్టడం మొదలుపెట్టారు. ఓ రోజు పాఠం చెబుతున్న ఆయన "దయచేసి నిశ్శబ్దం" అనేసరికి అది లోపలినుంచి వచ్చిన మాట అనుకుని క్యూలో ఇద్దరు సాష్టాంగపడ్డారు. నెల తిరిగేసరికి ఫోనుకు పసుపూ కుంకుమా పడ్డాయి. ఎవరో ముడుపు కూడా కట్టారు.

అవతలి వైపు తెరమీద చేతులు జోడించిన జనమే కనిపించేసరికి విద్యాపీఠం వారు చలించిపోయారు. ఇంతటి గురుభక్తి తమ చరిత్రలో లేదని మా ఈవో ఉమాశంకరం గారికి ఉత్తరం రాశారు. ఈవో గారు దాన్ని అద్దం కట్టించి తన గదిలో పెట్టుకున్నారు.

తర్వాత మొదటి అసైన్‌మెంటు వచ్చింది. 'ఏదైనా ఒక ఆలయంలో ప్రాతఃకాల పూజావిధానం వివరింపుము.' ఆచార్యులు గారి ముఖం వెలిగిపోయింది. ఆయన కళ్లు మూసుకుని చెబుతుంటే నేను టైపు చేశాను. మంత్రం ఎక్కడ, గంట ఎక్కడ, ఏ మంత్రానికి చెయ్యి ఎటు తిప్పాలి, అన్నీ చెప్పారు. రెండు గంటల్లో అక్షరం తడుముకోలేదు.

మూడో రోజుకు ఫలితం వచ్చింది. తొంభై ఏడు శాతం కాపీ. పదిహేను శాతం మించితే నేరం. మిగిలిన మూడు శాతం ఆయన సొంతం. అవి నా అచ్చుతప్పులని నేను తర్వాత లెక్క చూసుకుంటే తేలింది.

విచారణకు పిలిచారు. విద్యాపీఠంలో దీనికోసం 'స్వీయత పరిరక్షణ సంఘం' ఉంది. అధ్యక్షులు డాక్టర్ విశ్వంభరం గారు తెరమీద ప్రత్యక్షమయ్యారు. వెనక గోడనిండా పుస్తకాలు. అది పుస్తకాల బొమ్మ ఉన్న కర్టెనని, గాలికి కదిలినప్పుడు తెలిసింది.

"ఈ విషయం మీరు ఎక్కడినుంచి సంగ్రహించారు?" అన్నారాయన.

"మా నాన్నగారి దగ్గరనుంచండి."

"ఆయన?"

"వాళ్ల నాన్నగారి దగ్గర."

"ఆయన?"

"అలా వెనక్కి పోతే చాలా దూరం ఉందండి."

విశ్వంభరం గారు కళ్లజోడు తీశారు. "అంటే ఇది ఒక కుటుంబంలో తరతరాలుగా వ్యవస్థీకృతంగా జరుగుతోందన్న మాట" అన్నారు. పక్కనున్న సభ్యుడు రాసుకున్నాడు.

ఆచార్యులు గారు అబద్ధం ఆడే మనిషి కాదు. అవునండి అన్నారు.

సంఘం వారు నేరం తీవ్రత దృష్ట్యా దేవస్థానానికి కూడా తెలియపరిచారు. మీ ఉద్యోగి పరీక్షలోనే గాక విధినిర్వహణలోనూ ప్రతిరోజూ ఇతరుల రచనలను తనవిగా పైకి చదువుచున్నట్లు విచారణలో ఒప్పుకొన్నారని రాశారు. ఈవో గారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, సమస్యను ఉద్యమంగా మార్చడమే పాలన అని స్టాఫ్ మీటింగులో అన్నారు. ఇకనుంచి గుమ్మడికొండలో ఎరువు తెచ్చిన మాట వినబడకూడదు. దేశంలోనే మొట్టమొదటి సంపూర్ణ స్వీయ ఆలయంగా మనం నిలవాలి.

మార్గశిరం మొదట్లో గర్భగుడి గుమ్మం పక్కన ఒక పరికరం బిగించారు. చిన్న మైకు, ఒక అంకెల పలక, ఒక పచ్చదీపం, ఒక ఎర్రదీపం. దానికి ముందుగా జ్ఞానం ఎక్కించాలి కనక మూడు రోజులపాటు ఆచార్యులు గారిచేత నిత్యపూజ మొదలు కల్యాణం దాకా ఉన్న మంత్రాలన్నీ చదివించారు. ఆయన సంతోషంగా చదివారు. నాలుగో రోజునుంచి ఆ చదివినవాటిలో పదిహేను శాతం మించి మళ్లీ చదివితే ఎర్రదీపం. ఆ లెక్కంతా విద్యాపీఠానికి వెళుతుంది. కల్యాణం నాడు ఆయనకు వైవా కూడా అక్కడే, ఆ పరికరం ముందే. కల్యాణం మొత్తం సొంత మాటల్లో జరిపిస్తే పట్టా. లేకపోతే జనరేటర్.

నాలుగో రోజు తెల్లవారుజామున ఆచార్యులు గారు తలుపులు తీసి, దీపం వెలిగించి, నోరు తెరిచి, మళ్లీ మూశారు.  తర్వాత గొంతు సవరించుకున్నారు.

"స్వామీ, లే. తెల్లవారింది. రాత్రి నీకు పెట్టిన పాలు చల్లారిపోయాయి. నాదే పొరపాటు. ఈ పూట వేడిగా తెచ్చాను."

రెండు శాతం. పచ్చదీపం.

ఐదో రోజు మళ్లీ "స్వామీ, లే, తెల్లవారింది" అన్నారు. ఎర్రదీపం. వెంటనే విచారణ. ఎవరి మాటా కాదు కదండి, నా మాటే కదా అన్నారు ఆచార్యులు గారు.

"నిన్న మీరన్న మాటను ఇవాళ మీరే దొంగిలించారు" అన్నారు విశ్వంభరం గారు.

"తెల్లవారడం రోజూ జరుగుతుందండి."

"జరగనివ్వండి. మీరు మాత్రం అదే మాట అనకండి."

ఇక ఆయనకు దినదినగండమే. నిన్న అనని మాట ఇవాళ అనాలి. వారం రోజుల్లో పొగడ్తలు అయిపోయాయి. రెండో వారంలో వాతావరణం అయిపోయింది. తర్వాత సొంత సంగతులు మొదలయ్యాయి. "స్వామీ, మోకాలు లాగుతోంది. నూట ఎనభై మెట్లు. నువ్వు కిందనే వెలిసినా ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు." పచ్చదీపం. "స్వామీ, నీ గరుడవాహనానికి బంగారు పూత అని రాసి ఇత్తడి రంగు వేశారు. చూసే ఉంటావు." అప్పుడు ఈవో గారు క్యూలోనే ఉన్నారు. మాట మాత్రం సున్నా శాతం. కాబట్టి ఆయన చప్పట్లు కొట్టక తప్పలేదు.

జనం పెరిగారు. స్వామితో ఆచార్యులు గారు ఇవాళ ఏమంటారో విందామని కింద ఊళ్లనుంచి వచ్చేవారు.

ఉత్సాహం పట్టలేక ఈవో గారు రెండో అడుగు వేశారు. అర్చకుడి మాటలు స్వీయమైతే చాలదు, భక్తుడి కోరిక కూడా స్వీయం కావాలి. నా కౌంటర్లో కూడా అలాంటి దీపాలే ఉన్న కంప్యూటర్ పెట్టారు. టికెట్టు తీసుకునేవాళ్లు కోరికను రెండు వాక్యాల్లో చెప్పాలి. ఇదివరకు ఎవరూ కోరనిదైతేనే టికెట్టు.

మొదటి రోజే ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఆరోగ్యం నలుగురు మనుషులతో సరిపోయాయి. ఐదో మనిషినుంచి అందరూ వెనక్కి. కానీ మనుషులు ఊరుకోరు. జీతం కావలసిన ఒకాయన "నెల ఒకటో తారీఖున మా ఆవిడ నవ్వాలి" అని రాయించాడు. పచ్చదీపం. పరీక్ష పోయిన పిల్ల "మా మేనత్త మా ఇంటికి ఒక ఏడాది రాకూడదు" అంది. మెట్లకింద కొబ్బరికాయల కొట్లవాళ్లు బోర్డులు పెట్టారు. కాయ కొన్నవారికి సరికొత్త కోరిక ఉచితం.

ఆ వారంలోనే చెప్పుల స్టాండు సన్నెమ్మ నా కౌంటర్ ముందుకు వచ్చింది. అరవై దాటిన మనిషి. టోకెన్ లేకుండా రెండువేల జతల్లో ఎవరివి వాళ్లకి ఇవ్వగలదు. పాదాలతో వ్యవహరించేది కాబట్టి ఎం.ఏ. నుంచి మినహాయించారు. రోజూ పని దిగాక స్వామి ఎదట నిలబడి ఒకటే మాట అంటుంది. అందర్నీ సల్లగా సూడు తండ్రీ అని. అది టైపు చేస్తే కంప్యూటర్ నూటికి నూరు చూపించింది.

వేరే కోరిక ఏదైనా చెప్పమన్నాను. సన్నెమ్మ నడుంమీద చెయ్యి వేసుకుంది.

"ఏటి పాపా, ఆకలి అందరికీ ఒక్కలాగే ఏస్తాది. అలాగని కూడెట్టడం మానేస్తావేటి?"

 ఆమె పేరుమీద ఇలా టైపు చేశాను. 'పోయిన ఏడాది స్టాండులో మిగిలిపోయిన ఎడమకాలి ఎర్ర చెప్పు దాని యజమానికి చేరాలి.' సున్నా శాతం. టికెట్టు వచ్చింది. లోపలికి వెళ్లి నీ ఇష్టమొచ్చింది అడుక్కో అని చెప్పాను. స్వామి టికెట్టు చూడడు.

ఆ రోజే నాకు మేస్టారు నేర్పిన అలవాటు గుర్తొచ్చింది. గర్భగుడి దగ్గర బిగించిన పరికరంతోపాటు ఒక పుస్తకం వచ్చింది. నలభై నాలుగు పేజీలు. ఎవరూ విప్పలేదు. స్టోర్లో దాన్ని అడిగి తెచ్చుకుని మధ్యాహ్నం కౌంటర్ మూసినప్పుడు చదివాను. ముప్పై తొమ్మిదో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. 'జ్ఞాపకస్థలము పరిమితమగుటచే, తొంబది దినములు దాటిన మాటలను పరికరము దానంతట అదే తుడిచివేయును.'

పుస్తకం పట్టుకుని ఆచార్యులు గారి దగ్గరికి వెళ్లాను. మార్గశిరం మొదట్లో విన్న మంత్రాలు తొంభై రోజులు మళ్లీ దాని చెవిన పడకపోతే, ఫాల్గుణానికి అది వాటిని పూర్తిగా మరిచిపోతుంది. కల్యాణం నాడు అవి దానికి కొత్తవి.

ఆయన రెండుసార్లు చదివించుకున్నారు. "మోసం కాదూ?" అన్నారు.

"మీరు ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదండి. ఎవరేమడిగినా నిజమే చెప్పండి."

అది ఆయనకు నచ్చింది. కానీ వెంటనే ముఖం వాడిపోయింది. పరికరం వచ్చిన పదమూడో రోజున కర్పూరం చేతిమీద పడ్డప్పుడు, మంటకి నోరు దానంతట అదే ఏ పూజకైనా ముందు చదివే శ్లోకాలు అందుకుందట. పట్టుకుని ఆపేలోపల ఒక ముప్పావు అయిపోయింది. ఎర్రదీపం కూడా వెలిగింది.

పంచాంగం తీసి లెక్కపెట్టాను. ఆ పదమూడో రోజునుంచి తొంభై నిండేది కల్యాణం ముందు రోజుకి. అంటే ఇక అక్కడ ఒక్క పొరపాటు కూడా జరగకూడదు.

ఆచార్యులు గారు ఇంటి దగ్గర మాత్రమే మంత్రం చదువుకునేవారు. కొండెక్కేముందు, అలవాటుగా మంత్రం జారకుండా, నోట్లో లవంగం వేసుకునేవారు. సన్నెమ్మకు కూడా చెప్పాను, చెప్పుల దగ్గర ఎవరైనా శ్లోకం అందుకుంటే మాటల్లో పెట్టమని. ఆమె ఎందుకని అడగలేదు. శ్లోకం మూడ్‌లో ఉన్నవాళ్లను చెప్పు చూస్తే తెలుస్తుందని, ఆ బాధ్యత తనకు వదిలేయమని అంది.

ఎనభై ఏడో రోజున ఒక పెద్దాయన తప్పించుకున్నాడు. చెప్పులు వేసుకోకుండా వచ్చాడు మరి. తెల్లటి పంచె, మెడలో తులసిమాల. సరిగ్గా మైకు ముందు నిలబడి, కళ్లు మూసుకుని, గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. నా కౌంటర్ నుంచి కనబడుతోంది. ఆచార్యులు గారు లోపల నైవేద్యం మూత తీస్తూ బిగుసుకుపోయారు.

నేను కౌంటర్ వదిలి పరుగెత్తాను. మూడేళ్లలో నన్ను గట్టిగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు. ఆయన మొదటి అక్షరం అనేలోపల పెద్దగంట తాడు పట్టుకుని మోగించడం మొదలుపెట్టాను. ఆయన గొంతు పెంచాడు. నేను వేగం పెంచాను. వెనకనుంచి సన్నెమ్మ వచ్చి "గోయిందా" అని ఒక కేక పెట్టింది. క్యూ అంతా అందుకుంది. పావుగంట. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పరికరం మీద ఏ దీపమూ వెలగలేదు. దానికి ఏమీ అర్థం కాలేదు. పెద్దాయన కళ్లు తెరిచి, జన్మలో ఇంత గొప్ప దర్శనం కాలేదని చెప్పి నాకు దండం పెట్టి వెళ్లాడు.

ఈవో గారు పిలిపించి, టికెట్లు ఇవ్వవలసిన మనిషి గంట ఎందుకు కొట్టిందని అడిగారు.

"ఎం.ఏ. ప్రాక్టికల్ సార్" అన్నాను.

అయితే ఫోటో ఎందుకు తీయించుకోలేదని కోప్పడ్డారు.

ఫాల్గుణ పౌర్ణమినాడు విశ్వంభరం గారు నూట ఎనభై మెట్లు ఎక్కి స్వయంగా వచ్చారు. కల్యాణ మండపంలో ఆయనకు ఎత్తైన కుర్చీ. పరికరాన్ని గర్భగుడి దగ్గరనుంచి ఊడదీసి పీటల పక్కన పెట్టారు. స్వామివారు, అమ్మవారు ఎదురెదురుగా, మధ్యన తెర. వరదాచార్యులు గారు కొత్త పట్టుపంచె కట్టుకుని కూర్చున్నారు. వందరోజులుగా రోజుకొక కొత్త మాట వెతికి వెతికి మనిషి సగమయ్యారు. జనం, ఇవాళ మోకాలి సంగతి వస్తుందా, గరుడవాహనం సంగతి వస్తుందా అని ముందుకు వంగారు.

ఆయన ఒకసారి నావైపు చూశారు. నేను తల ఊపాను. నా వేళ్లమీద లెక్క మరొక్కసారి సరిచూసుకున్నాను.

ఆయన కళ్లు మూసుకుని, వాళ్ల నాన్నగారు చెప్పినట్టుగా, ఆయనకు వాళ్ల నాన్నగారు చెప్పినట్టుగా మొదలుపెట్టారు.

పలకమీద అంకెలు తిరిగాయి. ఆగాయి. సున్నా. పచ్చదీపం.

ఆ తర్వాత ఆయన్ని ఎవరూ ఆపలేకపోయారు. నూరు రోజులు కట్టేసిన దూడను వదిలినట్టుంది. రెండున్నర గంటలు మంత్రం మంత్రం వెంట పరుగెత్తింది. తెర దించారు, జీలకర్ర బెల్లం పెట్టారు, సన్నాయి అందుకుంది, పచ్చదీపం కదలలేదు. మాంగల్యధారణ దగ్గర విశ్వంభరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత వైవా.

"అద్భుతం. ఇంతటి స్వీయ రచన నా సర్వీసులో వినలేదు. దీనికి మీకు ఎంతకాలం పట్టింది?"

"పన్నెండేళ్లండి" అన్నారు ఆచార్యులు గారు. నేర్చుకోవడానికి అంతే పట్టింది మరి.

"రాతప్రతి ఉందా?"

"ఉందండి. తాటాకుల మీద."

విశ్వంభరం గారు పక్కనున్న సభ్యుడివైపు తిరిగి, కాగితం వాడలేదు, పర్యావరణ స్పృహకు అదనంగా ఐదు మార్కులు వేయమన్నారు. "మీకు ఎవరైనా సహాయం చేశారా?"

"మా నాన్నగారండి."

"వారికి కూడా మా అభినందనలు తెలియజేయండి."

తెలియజేస్తానన్నారు ఆచార్యులు గారు, పైకి చూసి.

ఆయనకు పట్టాతోపాటు బంగారు పతకం వచ్చింది. నాకు రెండో తరగతి వచ్చింది. పార్కింగు తప్పింది. వారం తిరక్కుండా ఈవో గారు ఇంకొక సర్క్యులర్ తీశారు. బంగారు పతకం పొందిన శ్రీ వరదాచార్యులవారి స్వీయ రచనను ఇకమీదట గుమ్మడికొండలో ప్రతినిత్యం, ఒక్క అక్షరం మార్చకుండా చదవవలెను. సొంత మాటలు కలిపినవారిపై చర్య తీసుకొనబడును. పోల్చిచూడవలసిన పని లేకపోయింది కనక, కౌంటర్లో కంప్యూటర్‌ను స్టోర్‌కూ, పరికరాన్ని జనరేటర్ గదికీ పంపారు.

ఎర్ర చెప్పు యజమాని కల్యాణానికి వచ్చిన జనంలో దొరికింది. కుడికాలిది ఏడాదిగా దాచుకుందట. సన్నెమ్మ ముఖం చూడకుండా, పాదం చూసి పిలిచి ఇచ్చింది. కంప్యూటర్ మంజూరు చేసిన కోరికల్లో తీరినట్టు నాకు తెలిసింది అదొక్కటే.

కొత్త సర్క్యులర్ అమలైన మొదటి రోజు తెల్లవారుజామున నేను కౌంటర్ తెరవకముందే గుడిలోకి వెళ్లాను. ఆచార్యులు గారు తలుపులు తీశారు. దీపం వెలిగించారు. మంత్రం మొదలుపెట్టి, ఒక్క అక్షరం తడుముకోకుండా ముగించారు. క్యూలో వాళ్లు చేతులు జోడించి విన్నారు. అయినా ఎవరూ కదలలేదు. ఇంకా ఏదో రావాలన్నట్టు నిలబడ్డారు.

ఆచార్యులు గారు గుమ్మం పక్కన పరికరం ఊడదీసిన చోటు చూశారు. నాలుగు మేకు కన్నాలు మాత్రమే ఉన్నాయి. అటూ ఇటూ చూసి, స్వామివైపు కొంచెం వంగి, గొంతు తగ్గించారు.

"స్వామీ, మోకాలు ఇవాళ కాస్త నయం."